ఎదురుకాళ్ళ పాప

నా చిన్నప్పుడు మా ఊళ్ళో నాకంటే నా కుడికాలికే ఎక్కువ పేరుండేది. పాకాలకు రెండు మైళ్ళ దూరంలో, రైలు కట్టకు ఆనుకుని ఉండేది మా ఊరు. అక్కడ ఎవరికైనా నడుము పట్టేస్తే ముందు ఆసుపత్రి గుర్తుకొచ్చేది కాదు, నేను గుర్తుకొచ్చేదాన్ని. ఒక చేత్తో నడుము, ఇంకో చేత్తో గోడ పట్టుకుని, వంకర టింకరగా మా వీధిలోకి వచ్చి, "ఎదురుకాళ్ళ పాప ఇంట్లో ఉండాదా?" అని అడిగేవాళ్ళు. బిడ్డలందరూ తల ముందు పెట్టి పుడతారు. నేను మాత్రం కాళ్ళు ముందు పెట్టి భూమ్మీదికి దిగానని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. అలా పుట్టినవాళ్ళు మూడుసార్లు తొక్కితే పట్టిన నడుము విడిపోతుందని మా వైపు గట్టి నమ్మకం. అది ఇప్పటికీ పోలేదు. పల్లెల్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి.

వచ్చినవాళ్ళు మా తిన్నె మీద బోర్లా పడుకునేవాళ్ళు. నేను గోడ పట్టుకుని, కుడికాలు నడుము మీద పెట్టి, ఒకటి, రెండు, మూడు అని వీధంతా వినపడేలా లెక్కపెడుతూ తొక్కేదాన్ని. లోపలెక్కడో 'టక్' మని చప్పుడైతే ఇక పండగే. చప్పుడు రాకపోతే వాళ్ళకూ నాకూ ఏదో వెలితిగా ఉండేది. పోతూ పోతూ బెల్లం ముక్కో, రెండు సీతాఫలాలో, దోసెడు చెనిక్కాయలో నా ఒళ్ళో పోసేవాళ్ళు. వేరుశనగను మేము అలాగే అంటాం. నాకు ఇద్దరు అక్కలు. బడి నుంచి రాగానే వాళ్ళు నీళ్ళు మోయాలి, అంట్లు తోమాలి. నా వంతు వచ్చేసరికి 'పాపకు కాలు నొప్పి పుడతాది' అని ఎవరో ఒకరు అడ్డం పడేవాళ్ళు. నేను మాత్రం తక్కువ తిన్నానా, ఆ మాట చెవిన పడగానే కాస్త కుంటుతూ నడిచేదాన్ని.

అందరికంటే మా నాయనకు నా కాలంటే మురిపెం. ఊళ్ళో నాయనలు ఆడపిల్లలను ఎత్తుకోవడం నేను పెద్దగా చూడలేదు. మా నాయన మాత్రం వారం వారం పాకాల సంతకు నన్ను భుజాల మీద ఎక్కించుకుని పోయేవాడు. "ఈ పాపేనా అప్పా?" అని ఎవరన్నా అడిగితే నా కుడికాలు ఎత్తి చూపించేవాడు. "హస్తవాసి అంటారే, నా కూతురిది కాలివాసి" అనేవాడు. ఆ ఎత్తునుంచి చూస్తే సంతలో తలపాగాలు, టమాటా గంపలు, కోళ్ళ బుట్టలు అన్నీ నా కిందే ఉండేవి. నేల మీద నడిచే పిల్లలను చూసి జాలిపడేదాన్ని.

నా కాలి సంగతి ఎత్తితే నవ్వేది మా ఊళ్ళో ఒకే ఒక మనిషి. మా వీధి చివర మంత్రసాని అవ్వ ఉండేది. నా ఈడు పిల్లలందరినీ కాన్పు చేసి భూమ్మీదికి దించింది ఆ అవ్వ చేతులే. కాలు బెణికినా, పసిబిడ్డకు మెడ పట్టినా ఆమే నూనె రాసి సవరించేది. నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా ఉండేవి. నేను తిన్నె మీద నా వైద్యం చేస్తుంటే ఆ దారిన పోతూ కిసుక్కున నవ్వేది, ఒక్కమాట కూడా అనేది కాదు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అప్పుడు నాకు పదకొండేళ్ళు, ఆరో తరగతి. నా కాలి తర్వాత నేను అంతగా ప్రేమించింది ఖోఖో ఆటను. మా బడి జట్టుకు పక్కింటి అక్క నాయకురాలు. పదో తరగతి. ఆ అక్క వెంటపడితే పరుగెత్తే పిల్లకు చెమటలు పట్టేవి. ఇంకో రెండడుగుల్లో తప్పించుకుపోతుందనగా గాల్లోకి లేచి, బోర్లా దూకి, నేల మీద జారుతూ మడమ తాకేది. ఆ దూకుడు చూడ్డానికి రైలు గేటు దగ్గర పనిచేసే మామ కూడా గేటు తీసి వచ్చి కంచె పక్కన నిలబడేవాడు. నేను జట్టులో అదనపు ఆటగత్తెను. అంటే నీళ్ళ చెంబూ, మా డ్రిల్ అయ్యవారి చేతి గడియారమూ మోయడం నా పని. అయినా జట్టు మొత్తం నా వల్లే నడుస్తున్నట్టు తిరిగేదాన్ని.

ఆ ఏడాది చిత్తూరులో పోటీలు. జిల్లా జట్టుకు పిల్లలను ఎంపిక చేసేవాళ్ళు ఆ ఒక్కరోజే వచ్చి చూస్తారని అయ్యవారు చెప్పారు. పక్కింటి అక్కకు అది ఆట మాత్రమే కాదు. పదో తరగతితో చదువు చాలించమని వాళ్ళింట్లో తేల్చేశారు. జిల్లా జట్టులోకి తీసుకుంటే మాత్రం తిరుపతిలో హాస్టలు ఇచ్చి చదివిస్తారంట, అప్పుడు పంపుతానని వాళ్ళ నాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నది కూతురు గెలవదన్న ధైర్యంతోనేమో, నాకు తెలియదు. అక్క మాత్రం తిరుపతికి సర్దుకోవాల్సిన బట్టలు కూడా ఎంచిపెట్టుకుంది. ఉన్నవే మూడు జతలు, అందులో ఎంచడానికేముంది అని నేను ఏడిపించేదాన్ని.

పోటీలు పది రోజులున్నాయనగా చెనిక్కాయ చెట్లు పెరికే పని వచ్చిపడింది. ఆదివారం పొద్దున నుంచి సాయంత్రం దాకా అక్క నడుము వంచి చెట్లు పెరికింది. సాయంత్రం అలాగే మట్టి కాళ్ళతో మైదానానికి వచ్చి, ఒళ్ళు కాస్త కదిలించుకోకుండా, నీళ్ళైనా తాగకుండా ఆటలో దిగింది. రెండోసారి దూకినప్పుడు అలాగే నేల మీద ఉండిపోయింది. మెల్లగా లేచి, "ఏం లేదు, పట్టుకునింది అంతే" అంది. అయ్యవారికి చెప్పొద్దని అందరి చేతా ఒట్టు వేయించుకుంది. ఇంటికి వచ్చాక ఎవరూ చూడకుండా మా తిన్నె మీద బోర్లా పడుకుని, "పాపా, నీ కాలితో పోవల్ల ఇది. ఎవురన్నా వచ్చేలోగా బిన్నా తొక్కు" అంది.

నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఊరి వాళ్ళందరి నడుములు ఒక ఎత్తు, మా కెప్టెను నడుము ఒక ఎత్తు. మూడుసార్లు తొక్కాను. చప్పుడు రాలేదు. ఇంకో మూడు తొక్కాను. రాలేదు. అక్క పళ్ళు బిగబట్టి, "ఇంకా గట్టిగా తొక్కు మే" అంది. నాకు రోషం వచ్చింది. నా కాలికి లొంగని నడుమా? గోడ వదిలేసి, రెండు కాళ్ళూ ఎత్తి, ఎగిరి నడుము మీద గెంతాను. ఈసారి చప్పుడైంది. చప్పుడుతో పాటు అక్క అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. లేవబోయి లేవలేకపోయింది. పక్కకు తిరగబోయి తిరగలేకపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అరవై దాటిన ఈ వయసులో కూడా ఆ గెంతు తలచుకుంటే నా అరికాళ్ళు జివ్వుమంటాయి.

మా అమ్మను పిలవడానికి భయం, వాళ్ళమ్మను పిలవడానికి ఇంకా భయం. వీధి చివరికి పరుగెత్తాను. నన్ను చూస్తే నవ్వే అవ్వ దగ్గరికి నేనే ఏడ్చుకుంటూ పోవాల్సివచ్చింది. అవ్వ నవ్వలేదు. ఆకు ఉమ్మేసి, కొంగు దోపుకుని నా వెంట వచ్చింది.

వచ్చినామె వెంటనే చేయి వేస్తుందనుకున్నాను. వేయలేదు. అక్క తల దగ్గర కూర్చుని అడగడం మొదలుపెట్టింది. "కాలి వేళ్ళు ఆడించు, సూస్తా. తిమ్మిరిగా ఉండాదా? నొప్పి నడుములోనే ఉండాదా, కాల్లోకి దిగతాండాదా? ఒంటేలుకు పోయినావా? ఏ పక్కకు తిరిగితే ఎక్కువ?" ఒక్కో ప్రశ్నకూ జవాబు వచ్చేదాకా ఆగింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడక, "అవ్వా, ముందు ఏమన్నా చెయ్యి" అని గొణిగాను. ఆమె నా వైపు చూడకుండానే, "సేసేది నువ్వు సేసినావు గదా, ఇంగ నన్ను అడగనీ" అంది. అన్నీ అడిగాక అప్పుడు బొటనవేలితో వెన్నుకు రెండు పక్కలా మెల్లగా నొక్కుతూ పోయింది. "కండ రాయి మాదిరి బిగుసుకోనుండాది. ఎముకకు ఏమీ కాలేదనుకుంటా. అనుకుంటే సాలదు. నా సేతికి తెలిసేది ఇంతే, తెలియంది డాక్టరమ్మ సూస్తాది. కాలు తిమ్మిరెక్కినా, ఒంటేలు రాకపోయినా తెల్లారేదాకా కూడా ఆగే పని లేదు" అని అక్క వాళ్ళమ్మకు తనే చెప్పింది. నా గెంతు సంగతి మాత్రం చెప్పలేదు. మరుసటి రోజు పాకాల ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి ఎముకకు భయం లేదంది. ఆ మాట వినేదాకా నేను సంగటి ముద్ద ముట్టలేదు.

ఆ రోజు నుంచి అవ్వ నన్ను పనిలోకి దించింది. "తొక్కింది కాళ్ళతో గదా, ఇప్పుడు సేతులు తీసుకోని రా" అంది. పొద్దున, సాయంత్రం ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టేదాన్ని. మొదట నా మోచేతికి తాకించుకుని వేడి చూసుకున్నాకే అక్క నడుముకు ఆనించాలి, అది అవ్వ ఆజ్ఞ. మంచం మీంచి నిట్టనిలువుగా లేవకూడదు. మోకాళ్ళు ముడిచి, పక్కకు దొర్లి, కాళ్ళు కిందికి వేలాడేసి, చేత్తో నేలనో మంచం పట్టెనో నెట్టి లేవాలి. నడుము పట్టిందని రోజంతా పడుకుంటే ఇంకా బిగుసుకుంటుందట, అందుకని మొదటి రోజు వాకిలి దాకా, రెండో రోజు వీధి చివరిదాకా, మూడో రోజు రైలు గేటు దాకా నడిపించాను. పిల్లి నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు మోకాళ్ళ మీద వంగి నడుము పైకీ కిందికీ కదిలించడం నేర్పింది. అక్కతో పాటు నేనూ చేసేదాన్ని. అక్క రోజురోజుకూ కదులుతుంటే నాకు ఆకలి, నిద్ర తెలిసేవి కావు. నా తొక్కుడుతో ఎవరికైనా నొప్పి పోయిందో లేదో నేనెప్పుడూ రెండో రోజు పోయి చూసింది లేదు. ఇప్పుడు మాత్రం ఒకే నడుమును రోజూ చూస్తున్నాను.

నాలుగో రోజు సాయంత్రం అవ్వా, అక్కా, నేనూ మా తిన్నె మీద ఉండగా రైలు గేటు మామ వంకర్లు తిరుగుతూ వచ్చాడు. గేటు ఎత్తబోతే నడుము పట్టేసిందట. "పాపా, ఒక్క తొక్కు తొక్కు తల్లీ" అన్నాడు. నాకు అక్క అరుపు చెవిలో మోగింది. తలుపు వెనక్కి పోయి నక్కాను. అవ్వ నన్ను ఒకసారి చూసి, "పాప వస్తాది లే అప్పా, నువ్వు పడుకో" అంది. ఆయన ముఖం కింద మడతపెట్టిన తువాలు పెట్టి కళ్ళు మూసుకోమంది. అక్కకు అడిగినవే అన్నీ ఆయనను అడిగింది. మెల్లగా గాలి పీల్చి వదలమంది. ఉప్పుమూట తెప్పించి కాపడం పెట్టింది. నూనె రాసి సవరించింది. అంతా అయ్యేసరికి ఆయన అప్పుడే సగం నిద్రలో ఉన్నాడు. అప్పుడు నా వైపు తిరిగి, లెక్కపెట్టమని వేళ్ళతో సైగ చేసింది. నేను తలుపు చాటునుంచే "ఒకటి, రెండు, మూడు" అన్నాను. ఒక్కో అంకెకూ అవ్వ తన అరచేతి మొదలుతో ఆయన నడుమును మెత్తగా నొక్కింది.

గేటు మామ పక్కకు దొర్లి, అవ్వ చెప్పినట్టు చేత్తో నెట్టి లేచి, నడుము అటూ ఇటూ ఆడించి, "పాప కాలంటే పాప కాలే! ఆడ సూడు, సగానికి సగం పోయింది" అన్నాడు. జేబులోంచి బెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టిపోయాడు. పక్కింటి అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. బెల్లం ముక్క విసిరికొట్టి బోరుమని ఏడ్చాను. అయితే ఇన్నాళ్ళూ నా కాలు ఏమీ చేయలేదా, అందరూ నన్ను ఆటపట్టించారా అని అవ్వ మీద ఎగిరిపడ్డాను.

అవ్వ నన్ను వాళ్ళింటి దాకా నడిపించుకుపోయి, పెరట్లో కూర్చోబెట్టి, అప్పుడు చెప్పింది. ఆ మాటలు నాకు ఒక్కటీ మరుపు రాలేదు. "నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టలేదు మే. అందురి మాదిరే తలతోనే వచ్చినావు, తలనిండా జుట్టేసుకోని. మూడో ఆడబిడ్డ. మీ అమ్మ గోడ తట్టు తిరిగి పడుకున్నింది. మీ నాయన బయట తిన్నె మీద కూసోని వీధి తట్టు సూస్తా ఉన్నాడు. పిలిస్తే పలకడు, లోపలికి రాడు. నాకు కడుపు మండింది. గడప కాడ నిలబడి గట్టిగా అరిసినా, ఎదురుకాళ్ళ పిల్ల పుట్టింది, ఈ కాలు ఊరికంతా కావాల్సిన కాలు, కాలివాసి ఉండే బిడ్డ అని. మీ నాయన లేసి వచ్చినాడు. మొదట నీ కాలు పట్టుకున్నాడు. ఆ తర్వాత నిన్ను ఎత్తుకున్నాడు."

కోపం ఎటు పోయిందో తెలియదు. అంత పెద్ద అబద్ధం నా కోసం ఒకామె ఆడిందని, ఊరు ఊరంతా పదకొండేళ్ళుగా దాన్ని మోసిందని తలచుకుంటే ఒళ్ళంతా ఝల్లుమంది. రహస్యం తెలిసిన ఉత్సాహం ఒక పక్క. ఇంకో పక్క భయం. నాయనకు తెలిస్తే? సంతకు నడిచి పోవడం పెద్ద కష్టమేమీ కాదు, అప్పటికే భుజాలెక్కే వయసు దాటిపోయాను. కానీ నాయన నన్ను చూసే చూపు మారిపోతే నేనేం కావాలి? ఎవరికీ చెప్పొద్దని అవ్వ అననే లేదు. "సెప్పేదీ మానేదీ నీ ఇష్టం. కాలు సంగతి నేను కట్టిన కత. ఈ నాలుగు దినాలూ నీ సేతులతో నువ్వు సేసింది మాత్రం నేను కట్టింది కాదు" అని లోపలికి పోయి ఆకు వక్క వేసుకుంది.

పోటీల ముందురోజు, సంగతి అప్పటికే తెలుసుకున్న అయ్యవారు అక్కను పరుగెత్తించి, వంగి లేవమని చూసి సరేనన్నారు. అవ్వ పెట్టిన షరతు ఒక్కటే, దూకకూడదు. దూకకుండా ఖోఖో ఎట్లా ఆడేది అని అక్క ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ అక్క పేరే దూకుడు మీద ఉంది. చిత్తూరుకు రైల్లో పోతుంటే జట్టంతా పాటలు, అరుపులు. అక్క ఒక్కతే కిటికీ పక్కన గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. నేను ఎదురుగా కూర్చుని, అరగంటకోసారి లేచి నడవమని సతాయించాను. మైదానంలో దిగేముందు జట్టంతటినీ వరసలో నిలబెట్టి, మెల్లగా పరుగు, ఆ తర్వాత నడుము తిప్పడం, పిల్లి మాదిరి వంగడం, అన్నీ చేయించాను. ఆరో తరగతి పిల్ల పదో తరగతి వాళ్ళను అదిలిస్తుంటే అవతలి జట్టు పిల్లలు పగలబడి నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

ఈల ఊదారు. మా వాళ్ళు వెంటపడే వంతు. అవతలి జట్టుకు అక్క దూకుడు సంగతి ముందే తెలుసు. అక్క దగ్గరకు వస్తుంటే చాలు, దూకుతుందని పక్కకు జరిగిపోతున్నారు. రెండుసార్లు చూసింది అక్క. మూడోసారి దూకబోయినట్టు మోకాళ్ళు వంచి, భుజం ముందుకు వేసింది, అంతే. పరుగెత్తే పిల్ల హడలిపోయి అవతలికి మళ్ళింది. అక్క దూకలేదు. నవ్వుతూ, ఆ పిల్ల మళ్ళిన వైపుకు ముఖం పెట్టి కూర్చున్న మా వాళ్ళ అమ్మాయి వీపు తట్టి "ఖో" అంది. లేచిన అమ్మాయి లేచిన చోటే పట్టేసింది! నేను నీళ్ళ చెంబు గాల్లోకి విసిరేశాను. ఆ తర్వాత చూడాలి ఆట. లేని దూకుడుకు భయపడి ఒక్కొక్కరూ మళ్ళడం, మళ్ళిన చోటే చిక్కడం. అయ్యవారు గడియారం అడిగితే అది ఏ చేతిలో ఉందో నాకే తెలియలేదు. గొంతు పోయేదాకా అరిచాను.

చివరికి ఒక్క పాయింటుతో ఓడిపోయాం. మా వాళ్ళంతా ఏడుస్తూ నేల మీద పడిపోయారు. అక్క కూడా వెల్లకిలా పడుకుని కాసేపు ఆకాశం చూసింది. తర్వాత మోకాళ్ళు ముడిచి, పక్కకు దొర్లి, చేత్తో నేలను నెట్టి మెల్లగా లేచింది. ఎంపిక చేసేవాళ్ళలో ఒక మేడం ఇది చూసి దగ్గరికి వచ్చి, నడుముకు ఏమైంది, ఎవరు నేర్పారు ఇట్లా లేవడం అని అడిగారు. అక్క నన్ను చూపించింది. "ఈ పాప మేడం. పది దినాలు నన్ను ఈ పాపే సూసుకునింది" అంది. కాలు అనలేదు, ఎదురుకాళ్ళ పాప అనలేదు. మేడం నా వైపు చూసి, నా బురద చేతుల వైపు చూసి, నవ్వి, తన కాగితంలో ఏదో రాసుకున్నారు. సాయంత్రం జిల్లా జట్టు పేర్లు చదివినప్పుడు అక్క పేరు రెండోది. మేము ఓడిపోయిన సంగతి అప్పుడే మరిచిపోయాం.

పాకాల స్టేషనులో దిగేసరికి మసక చీకటి పడుతోంది. మా నాయన ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. కట్ట వెంబడి ఊరికి నడుస్తుంటే జరిగిందంతా గబగబా చెప్పేశాను. అక్క పేరు చదవడం, లేని దూకుడు, మేడం నవ్వడం. ఆ జోరులోనే, ఆపుకోలేక, నా నోటి నుంచి ఇంకో మాట జారిపోయింది. "నాయనా, నేను ఎదురుకాళ్ళ పిల్లను కాదంట."

నాయన నడక ఆపలేదు. నేను ఆగిపోయాను. నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగి, "తెలుసులేమ్మా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "ఎన్ని దూడల్ను ఈనించినా నేను? తల ముందొచ్చిన బిడ్డకు తల కోలగా ఉంటాది. నీ తల కోలగా ఉన్నింది, సొరకాయ మాదిరి. సూస్తానే తెలిసింది."

"మరి ఆ దినమే ఎందుకు చెప్పలేదు నాయనా?"

"లోపలికి రావల్లనే ఉన్నింది. తిన్నె మీద అట్ల కూసున్నాక లేసేదానికి సిగ్గయింది. ఆ ముసలామె పిలిసింది, వచ్చినా. నీ కాలు ఇంతుండె" అని బొటనవేలు చూపించాడు. ఆ తర్వాత, చిన్నప్పటి మాదిరి నన్ను భుజాల మీదికి ఎత్తబోయాడు. నడుము వంచి, కాళ్ళు నిటారుగా పెట్టి, పదకొండేళ్ళ పిల్లను. నేను గట్టిగా అరిచాను. "మోకాళ్ళు వంచి ఎత్తు నాయనా! నడుము పట్టేస్తాది!"

ఆయన మోకాళ్ళు వంచాడు. నన్ను దగ్గరికి హత్తుకుని, కాళ్ళ బలంతో లేచి, భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. ఆ ఎత్తునుంచి నాకు పాకాల స్టేషను దీపాలు, మా ఊరి కప్పులు, పట్టాలు అన్నీ కనిపించాయి. అప్పటికి నా కాలిలో మహిమేమీ లేదు, అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఊరొచ్చేదాకా నన్ను దించలేదు.

పక్కింటి అక్క తిరుపతిలో చదువుకుంది. నేను ఆమె వెనకే పోయి డ్రిల్ టీచరునయ్యాను. సత్యవేడు, శ్రీకాళహస్తి పక్క బడుల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా ఆడపిల్లలను పరుగెత్తించాను. ఆటకు ముందు ఒళ్ళు వేడెక్కించని పిల్లను మైదానంలో కాలు పెట్టనిచ్చింది లేదు. ఇప్పుడు నా మనవరాలు షటిల్ ఆడుతుంది. ఫోన్లో ఎవరెవరివో మెడలు, నడుములు టక్ టక్ మనిపించే వీడియోలు చూపించి, అవ్వా, ఇది కైరోప్రాక్టిక్ అంటుంది. మొన్న దానికి భుజం పట్టేస్తే అలాంటి వైద్యుడి దగ్గరికే నేనూ తోడుపోయాను, ఎట్లా తొక్కుతాడో చూద్దామని. ఆయన అరగంటసేపు ప్రశ్నలే అడిగాడు. చేయి ఎత్తించాడు, తిప్పించాడు, నడిపించాడు. ఆ తర్వాతే భుజం మీద చేయి వేశాడు. నాకు మా మంత్రసాని అవ్వ కళ్ళముందు నిలిచింది. చప్పుడు రాలేదేమని నా మనవరాలు కాస్త నిరాశపడింది. చప్పుడు కోసం ఎగిరి గెంతిన మనిషి పక్కనే కూర్చుందని దానికి తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది.

ఎవరైనా నడుము పట్టుకుని నా దగ్గరికి వస్తే ఇప్పటికీ ముందు అడుగుతాను, చేయి తర్వాత వేస్తాను, నా చేతికి తెలియనిదైతే డాక్టరు దగ్గరికి పంపుతాను. అది ఆ పది రోజుల్లో నేర్చుకున్న పని. ఇంకో పని కూడా ఆ అవ్వ దగ్గరే నేర్చుకున్నాను. తెలిసినవాళ్ళ ఇంట ఆడపిల్ల పుట్టిందని వింటే, ఎంత దూరమైనా సరే, చూడ్డానికి పోతాను. అందరూ ముఖం చూస్తారు, ఎవరి పోలికో అంటారు. నేను మొదట కాలు పట్టుకుంటాను. "ఈ కాలు సూడండప్పా, కాలివాసి ఉండే బిడ్డ" అని వాకిలి దాకా వినపడేలా అంటాను. బయట కూర్చున్న నాయన లేచి లోపలికి వచ్చి ఆ కాలు చేతిలోకి తీసుకునేదాకా నేను అక్కడినుంచి కదలను.